మెరుగైన ధ్వని నిర్ధారణ ఉపసంఘం

మా ఆఫీసులో ఎవరైనా పదివేలకు మించిన వస్తువు కొనుక్కోవాలంటే, అది సొంత డబ్బుతో సొంత ఇంటికే అయినా సరే, ముందు మూడు కొటేషన్లు తేవాలి, తులనాత్మక పట్టిక తయారుచెయ్యాలి, సాంకేతిక ఉపసంఘం ఆమోదం పొందాలి. ఇలాగని ఒక సర్క్యులర్ ఉంది. చదివినవాళ్ళంతా ఏ బుర్ర తక్కువ వెధవ రాశాడ్రా దీన్ని అని తిట్టుకుంటారు. ఆ వెధవని నేనే.

రాసిన రోజున నాకెంత గర్వమో చెప్పలేను. మాది గోనెసంచుల పర్యవేక్షణ మండలి, ఏలూరు జిల్లా శాఖ. ధాన్యం నింపే సంచులు గట్టివో కావో పరీక్షించి ముద్ర వెయ్యడం మా పని. ఒకసారి పైనుంచి "ఉద్యోగుల కొనుగోళ్ళపై కన్నేసి ఉంచవలెను" అని ఒకే ఒక్క వాక్యం వచ్చింది. మిగతా జిల్లాల సూపరింటెండెంట్లు దాన్ని ఫైల్లో పడేసి టీ తాగడానికి వెళ్ళారు. నేను మాత్రం రెండు ఆదివారాలు ఆఫీసులో కూచుని ఆ ఒక్క వాక్యాన్ని పదకొండు పేజీలు చేశాను. మా జిల్లా మేనేజరు పురుషోత్తమరావుగారు ఆసాంతం చదివి, "సోమసుందరంగారూ, ఇందులో చీమ దూరే సందు కూడా లేదండీ" అన్నారు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తర్వాత మూడేళ్ళపాటు మా ఆఫీసులో ఒక్కరు కూడా పదివేల పైన ఏమీ కొనలేదు. అంటే, కొన్నారు. బావమరిది పేరు మీద కొన్నారు. టైపిస్టు అనసూయగారు ఫ్రిజ్జుకి తలుపు ఒక బిల్లు, పెట్టె ఒక బిల్లు తెచ్చుకున్నారని అందరికీ తెలుసు. నాకు బావమరుదులు లేరు. అదే నా కొంప ముంచింది.

మా ఆవిడ భ్రమరాంబ పాడుతుంది. ఈ మాట పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇరవై ఎనిమిదేళ్ళుగా అందరికీ గొప్పగా చెబుతూ వచ్చాను. ఎదురుగా కూచుని విన్నది మాత్రం లేదు. ఆవిడ వంటింట్లో పాడుతుంది, నేను హాల్లో పేపరు చదువుతాను. పోపు చప్పుడూ పాటా కలిసే వస్తాయి కాబట్టి రెండూ విన్నట్టే అనుకునేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్న నాకు కాఫీ ఇచ్చి అక్కడే నిలబడింది. మామూలుగా ఇచ్చేసి వెళ్ళిపోతుంది.

"ఏవండీ, నన్ను రేడియో వాళ్ళు తీసుకున్నారు" అంది.

"ఎక్కడికి?" అన్నాను, పేపరు దించకుండా.

"పాటకండీ. స్వర పరీక్షకి వెళ్ళొచ్చాను, మీకు చెప్పలేదు. పోతే నవ్వుతారని. పాసయ్యాను. రికార్డింగు కూడా అయిపోయింది. మూడు వారాల తర్వాత శనివారం పొద్దున్న ఏడూ నలభై అయిదుకి వేస్తారట. ఏడు నిమిషాలు వస్తుంది."

అప్పుడు దించాను పేపరు. యాభై రెండేళ్ళ మనిషి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న వద్దంటే మానేసిన పాట, ఇన్నాళ్ళకి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి పాడి వచ్చింది. నాకు నిజంగా సంతోషం వేసింది.

"నాకు ఇంకేమీ వద్దండీ. ఆ ఏడు నిమిషాలూ మీరు నా పక్కన కూచుని వినాలి. అంతే" అంది.

ఇంత చిన్న కోరిక. వినాలి, అంతే. మరొకడైతే సరే అనేవాడు.

నేను ఆలోచించడం మొదలుపెట్టాను. మేముండేది పిండిమర పైన. పొద్దున్న ఏడింటికి మర వేశారంటే మా ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఇంట్లో వినడం కుదరదు. పోనీ ఫోన్లో విందామంది ఆవిడ, ఏ గుడి మెట్ల మీదో కూచుని. "ఫోన్లోనా? నీ పాటా?" అన్నాను కోపంగా. నా పెళ్ళాం పాట అగ్గిపెట్టెంత దాంట్లోంచి రావడమేమిటి? కారుంది కదా. కారు కాలవ గట్టున ఆపి, అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని, దర్జాగా విందాం అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

కారుకి పద్నాలుగేళ్ళు. నేను మూడో యజమానిని. అందులో రేడియో పనిచేస్తుంది కానీ ఎడం వైపు స్పీకరు మాట పడిపోయింది. కుడి వైపుది ఏ పాట పెట్టినా జలుబు చేసినవాడిలా పలుకుతుంది. మంచి స్పీకర్లు వేయించాలి, చవగ్గా వేయించాలి. ఇదీ నా పథకం. ఇక్కడిదాకా నేను మనిషినే.

ఆటోనగర్లో కార్లకి స్పీకర్లు బిగించే జిలానీ అని ఒకాయన ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. రేడియో పెట్టమని, డోరుకి చెవి ఆనించి కాసేపు విన్నాడు. వేలితో రేకు మీద కొట్టాడు.

"సార్, స్పీకరు పోయింది నిజమేగానీ అసలు రోగం డోరుది. రేకు వణుకుతోంది. లోపల మందపాటి షీటు అంటించాలి. ముందు రెండు డోర్లకి రెండు స్పీకర్లు చాలు, ఎనకాల వొద్దు. పాటకి ఎదురుగా కూకుంటారుగానీ ఈపు పెట్టి కూకోరు కదా. చిన్న ఆంప్లిఫయరు ఒకటి, సన్నంగా పాడినా తేటగా వస్తాది."

"ఎన్ని వాట్లు ఉండాలి?" అని అడిగాను, నాకూ తెలుసన్నట్టు.

"డబ్బా మీద వెయ్యని రాస్తారు సార్, నమ్మబాకండి. అది ఒక్క క్షణం అరిచే అరుపు. ఆగకుండా ఎంత ఇస్తాదో అది చూడాల. యాబై ఇచ్చినా మీ కారుకి ఎక్కువే. మద్యానం వొదిలెయ్యండి, సాయంత్రానికి ఇచ్చేస్తా. షీటుతో కలిపి పన్నెండు వేలు."

పన్నెండు. నా గుండె ఆగి మళ్ళీ కొట్టుకుంది. డబ్బుల గురించి కాదు, పదివేలు దాటినందుకు.

"పదివేల లోపల అవదా?"

"షీటు మానేస్తే అవుద్ది. కానీ రేకు మళ్ళీ పాడుద్ది, అమ్మగారితో పాటు."

పోనీ రెండు బిల్లులు రాయమననా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ బిల్లు చీల్చడం క్రమశిక్షణా చర్యకు అర్హమైన నేరమని ఏడో పేజీలో ఉంది. దాన్ని నేనే రెండుసార్లు అండర్‌లైన్ చేశాను. ఆఫీసుకొచ్చి దరఖాస్తు రాశాను. "నా సొంత వాహనమునకు మెరుగైన ధ్వని నిమిత్తము చౌక స్పీకర్లు రెండు, ఆంప్లిఫయర్ ఒకటి కొనుటకు అనుమతి కోరుచు" అని మొదలుపెట్టి ఆరు ప్రతులు తీశాను.

పురుషోత్తమరావుగారు దరఖాస్తు చూసి కుర్చీలోంచి లేచి నించున్నారు.

"సోమసుందరంగారూ, ఇది సామాన్యమైన విషయం కాదండీ. సదరు సర్క్యులర్ జారీ అయిన నాటి నుంచి దాని పరిధిలో దాఖలైన ప్రప్రథమ దరఖాస్తు ఇది. దీని ప్రక్రియ యావత్తూ భావితరాలకు నమూనాగా నిలవాలి. తక్షణమే ఉపసంఘం వేస్తున్నాను."

అధ్యక్షులు ఆయనే. ఆర్థిక సభ్యుడు అకౌంట్స్ ఆఫీసరు నాంచారయ్యగారు. సాంకేతిక సభ్యుడు నాణ్యతా ఇన్‌స్పెక్టరు సింహాద్రి. కన్వీనరు నేను.

"దరఖాస్తుదారుడే కన్వీనరుగా ఉండొచ్చా సార్?" అన్నాను.

"ఆ సర్క్యులర్ని పూర్తిగా అర్థం చేసుకున్నది జిల్లాలో మీరొక్కరే కదండీ" అన్నారు ఆయన.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు మళ్ళీ రెండు ముద్దలు ఎక్కువ దిగాయి. "పని మొదలైంది భ్రమరా" అన్నాను ఇంటికెళ్ళి. "జిలానీకి ఎప్పుడిస్తున్నారు కారు?" అంది. "అంత తొందరగా ఎలా? పద్ధతి ఉంటుంది" అన్నాను.

మొదటి సమావేశం రెండున్నర గంటలు జరిగింది. నాంచారయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని, "మెరుగైన ధ్వని అన్నారు. దేనికన్నా మెరుగు? ప్రస్తుత ధ్వని ఎంతో రికార్డులో లేకుండా మెరుగుపడిందని రేపు ఆడిటుకి ఎలా చూపిస్తాం?" అన్నారు.

అందరం తలలు ఊపాం. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఇంత మంచి ప్రశ్న నా పదకొండు పేజీల్లో లేదే అని బాధ కూడా వేసింది.

"కాబట్టి ప్రస్తుత ధ్వనిని యథాతథ స్థితిలో భద్రపరచవలసి ఉంది" అన్నారు పురుషోత్తమరావుగారు.

ధ్వనిని భద్రపరచడమంటే కారుని భద్రపరచడమే. మర్నాడు మా కారుని ఆఫీసు గోడౌను షెడ్డులో పెట్టి, నాలుగు డోర్లకీ గోనెతాడు చుట్టి, లక్క సీలు వేశారు. కన్వీనరుగా సీలు మీద సంతకం నేనే పెట్టాను. సాయంత్రం నడిచి వస్తుంటే మా వీధి చివర భ్రమరాంబ ఎదురైంది. కారేదని అడిగింది. చెప్పాను. నా చేతిలో టిఫిన్ క్యారేజీ అందుకుంది.

రెండో సమావేశం ప్రమాణాల గురించి. స్పీకర్లని పరీక్షించడానికి మా దగ్గర పద్ధతి లేదు. మాకు తెలిసిన పరీక్షలన్నీ సంచులవి. ముగ్గురం సింహాద్రి వైపు చూశాం. సింహాద్రి ఇరవై ఏళ్ళుగా సంచులు తప్ప ఇంకో వస్తువుని ముట్టుకోలేదు. కానీ నిజాయితీపరుడు, అడిగితే ఏదో ఒకటి చెబుతాడు.

"నన్నడిగితే పెద్ద తేడా ఏం లేదండి. సంచికీ నోరుంటాది, దీనికీ నోరుంటాది. లోపల పెట్టిన సరుకు దారిలో కారిపోకుండా అవతలోడికి చేరాల. బరువు, తేమ, పడవేత, కారుడు. ఈ నాలుగూ చూస్తే చాలండి" అన్నాడు.

"భేష్" అన్నారు పురుషోత్తమరావుగారు. ఇంత సూటిగా మాట్లాడే సాంకేతిక నిపుణుణ్ణి ఆయన ఎప్పుడూ చూడలేదట. నేను మినిట్సు రాశాను. కష్టమేమీ కాలేదు. సంచుల పరీక్షా విధానం తీసుకుని, ధాన్యం అని ఉన్నచోటల్లా పాట అని మార్చి, మిగతాది ఉన్నది ఉన్నట్టు దించేశాను. ఇంత తక్కువ కాలంలో ఇంత సమగ్రమైన పత్రం తయారుచేసిన కన్వీనరు మా మండలిలో లేడని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడు షాపుల నుంచి నమూనాలు తెప్పించడానికి ఇంకో ఐదు రోజులు పట్టింది. జిలానీ తన స్పీకర్లు గుడ్డలో చుట్టి తెచ్చి, పసిపిల్లని దించినట్టు బల్ల మీద దించాడు. రెండో షాపువాడిది ఎర్ర డబ్బా, దాని మీద వెయ్యి వాట్లు అని వెలుగుతూ ఉంది. మూడో షాపుది చూడ్డానికి రుబ్బురోలు పొత్రంలా ఉంది. దాన్ని ఇద్దరు మోసుకొచ్చారు.

ముందు తూకం వేశారు. మూడో షాపుది గెలిచింది. తర్వాత సింహాద్రి తేమ మీటరు తెచ్చి స్పీకర్ల మధ్యలో గుచ్చబోయాడు. "సార్, అది కాయితం సార్" అని జిలానీ చెయ్యి అడ్డం పెట్టాడు. "సరఫరాదారులు పరీక్షకు ఆటంకం కలిగించరాదు" అని పురుషోత్తమరావుగారు హెచ్చరించారు. గుచ్చారు. ఆ తర్వాత పడవేత పరీక్ష. నిండు సంచిని ఆరడుగుల ఎత్తు నుంచి మూడుసార్లు పడేస్తాం, కుట్టు విడిపోకపోతే పాసు. సింహాద్రి స్టూలెక్కి జిలానీ స్పీకరుని పడేశాడు. మొదటిసారి రింగు ఊడింది. రెండోసారి పొర చిరిగింది. జిలానీ నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. ఎర్ర డబ్బాది ఒక్క దెబ్బకే రెండు ముక్కలైంది. లోపల వెయ్యి వాట్లు ఎక్కడా కనపడలేదు. మూడో షాపుది మూడుసార్లు పడింది, దానికి చిన్న గీత కూడా పడలేదు. మా వరండాలో గచ్చు పగిలింది.

"ఇదీ నాణ్యత అంటే" అన్నారు నాంచారయ్యగారు.

"ఒకసారి మోగించి చూస్తే బాగుంటుందేమో సార్" అన్నాను నెమ్మదిగా.

"తొందరపడకండి సోమసుందరంగారూ. వినడం తుది దశ. ముందే వింటే సభ్యులకి ఇష్టాయిష్టాలు ఏర్పడతాయి. వస్తు నిర్ణయంలో చెవుల జోక్యం ఉండకూడదు" అన్నారు పురుషోత్తమరావుగారు. ఈ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, సర్క్యులర్ రెండో ముద్రణలో చేర్చాలని విడిగా రాసుకున్నాను.

జిలానీ చిరిగిన స్పీకరుని గుడ్డలో చుట్టుకుంటుంటే దగ్గరికి వెళ్ళి, "ఏమీ అనుకోకు" అన్నాను. "నాకేముంది సార్. అమ్మగారి పాటన్నారు కదా అని మంచిది ఏరి తెచ్చా" అన్నాడు. నాకు కాస్త చురుక్కుమంది. కానీ తులనాత్మక పట్టిక తయారుచెయ్యాలి, అక్కడ నిలబడే తీరిక లేదు.

ఇక ఆంప్లిఫయరు. దాని మీద నాంచారయ్యగారు పెద్ద అభ్యంతరం లేవదీశారు. స్పీకర్లు మంచివైతే ఆంప్లిఫయరు ఎందుకు? ఆంప్లిఫయరు కావాలంటే స్పీకర్లు నాసివని ఒప్పుకున్నట్టే కదా? ఒకే ఫైల్లో రెండూ ఎలా ఆమోదిస్తాం? ఈ చిక్కుముడి విప్పడానికి మూడు రోజులు పట్టింది. చివరికి దేనికదే విడి వస్తువుగా భావించి, ఒకదాని సాయం లేకుండా ఇంకోదాన్ని పరీక్షించాలని తీర్మానించాం. స్పీకర్లు తగిలించకుండా ఆంప్లిఫయరుని గంటసేపు నడిపాం. చిన్న చప్పుడు కూడా రాలేదు. "ఎటువంటి కారుడూ లేదు" అని రాసి సింహాద్రి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విడుస్తూనే, "ఆంప్లిఫయరు పాసైంది" అన్నాను.

"ఇంక నాలుగు రోజులే ఉందండీ" అంది భ్రమరాంబ. కందులు బాగుచేస్తోంది. "పోనీ ఫోన్లో వినేద్దాం. ఇయర్‌ఫోన్లు చెరొకటి చెవిలో పెట్టుకుని. అదేం పాటో మీరు ఇంకా అడగనే లేదు. మా సరస్వతీ టీచరుగారు నాకు ఎనిమిదో క్లాసులో..."

"ఆగాగు, అసలు సంగతి విను. రెండు విడి ఫైళ్ళు చెయ్యాలన్న ఆలోచన నాదే" అన్నాను. చేటలో చెయ్యి ఆగింది. ఒక నిమిషం నా మాట వింది, తర్వాత కందులు బాగుచేసుకుంది. ఆ సగంలో ఆగిన వాక్యం ఏమిటో నేను అడగలేదు. ఫైళ్ళ గురించి ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది నాకు.

మిగిలింది తుది దశ, అంటే వినడం. ఏ పాటతో పరీక్షించాలి? నాంచారయ్యగారు ఒక పాట అంటే పురుషోత్తమరావుగారు ఇంకోటన్నారు. సింహాద్రికి ఏదైనా ఒకటే. అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. శనివారం పొద్దున్న ఏడూ నలభై అయిదుకి రేడియోలో వచ్చే పాటతో చేద్దాం అన్నాను. ఎవరం ఎంచుకున్నది కాదు, రేడియో వాళ్ళు వేసింది, ఎవరి పక్షమూ కాదు అన్నాను. పాడేది మా ఆవిడని మాత్రం చెప్పలేదు. పక్షపాతం అంటారని.

"ప్రసార మాధ్యమము తృతీయ పక్షము. అత్యుత్తమం" అన్నారు పురుషోత్తమరావుగారు.

నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒకే దెబ్బకి పరీక్షా అవుతుంది, భ్రమరాంబని పక్కన కూచోబెట్టుకుని వినడమూ అవుతుంది. మిగతా ముగ్గురూ ఉంటే ఉన్నారు, పాట నలుగురు వింటే మంచిదే కదా. శుక్రవారం సీళ్ళు తీసి జిలానీ చేత మూడో షాపు పొత్రాలు బిగింపించాం. షీటు వెయ్యలేదు, అది సంచుల పరీక్షా విధానంలో లేదు. బిగించినంతసేపూ జిలానీ గొణుగుతూనే ఉన్నాడు. "సార్, దీంట్లోంచి పాట రాదు. బరువొస్తాది" అన్నాడు.

శనివారం భ్రమరాంబ ఏడింటికే తయారైంది. ఆకుపచ్చ అంచు చీర కట్టుకుంది, జడలో సన్నజాజులు. ఇద్దరం రిక్షాలో ఆఫీసుకి వెళ్ళాం. దారిపొడుగునా పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ కూచుంది. షెడ్డులో కారు ముందు ముగ్గురూ అట్టలకి ఫారాలు తగిలించుకుని సిద్ధంగా ఉన్నారు. ముందు సీట్లో పురుషోత్తమరావుగారు కూచున్నారు. వెనక నాంచారయ్యగారు, సింహాద్రి. వాళ్ళ పక్కన ఒకరికి చోటుంది. నేను వెనక డోరు తీసి పట్టుకుని, "ఎక్కు" అన్నాను మా ఆవిడతో.

"ఒక్క నిమిషమండీ" అన్నారు నాంచారయ్యగారు. సంచిలోంచి నా సర్క్యులర్ తీసి తొమ్మిదో పేజీ చదివారు. "పరీక్ష జరుగు సమయమున దరఖాస్తుదారుని కుటుంబ సభ్యులెవ్వరూ సదరు వస్తువు దరిదాపుల ఉండరాదు. మీరు రాసిందేనండీ."

నేను రాసిందే. ఎంత ఆలోచించి రాశానో కూడా గుర్తుంది.

భ్రమరాంబ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో అడగడం ఉంది. అది నాకు అప్పుడు తెలియలేదంటే అబద్ధం.

"కన్వీనరు లేకుండా పరీక్ష చెల్లదు, త్వరగా రండి" అన్నారు పురుషోత్తమరావుగారు. టైము ఏడూ నలభై మూడు.

"పర్లేదు లెండి" అంది మా ఆవిడ, ఒక అడుగు వెనక్కి వేసి.

నేను డ్రైవరు సీట్లో కూచుని డోరు వేసుకున్నాను. దిగి ఆవిడ పక్కన నించోవచ్చు. కాళ్ళున్నాయి, డోరుకి హ్యాండిలుంది. ఎందుకు దిగలేదో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, కోపంతో నా మొహాన ఉమ్ముకోవాలనిపిస్తుంది.

ధ్వని బయటికి కారకుండా అద్దాలు ఎత్తించారు. రేడియోలో ఎవరో భ్రమరాంబ పేరు చెప్పారు. నా ఒళ్ళు ఝల్లుమంది. పాట మొదలైంది. మొదలైందని అనుకుంటున్నాను, ఎందుకంటే పొత్రాలు దద్దరిల్లడం మొదలుపెట్టాయి, రేకు వణికింది, నా సీటు కింద స్పానరు కూడా పలికింది.

"ఎడమ చెవి?" అన్నారు పురుషోత్తమరావుగారు.

"ఏడు" అన్నారు నాంచారయ్యగారు.

"కుడి చెవి?"

"రాసుకుంటున్నానండి. కొంచెం పెంచండి సోమసుందరంగారూ."

పెంచాను. తగ్గించమన్నారు, తగ్గించాను. సన్నదనం పెంచమన్నారు, ఆ మీట తిప్పాను. సింహాద్రి అరచెయ్యి డోరుకి ఆనించి అదురు లెక్కపెడుతున్నాడు. కాలమ్ నాలుగు, కాలమ్ అయిదు. ఫారంలో పద్దెనిమిది కాలమ్‌లు పెట్టింది నేనే. ఒక్కదాన్నీ ఖాళీగా వదలడం నాకు చేతకాదు. పద్దెనిమిదో కాలమ్ నింపి తలెత్తేసరికి రేడియోలో ధాన్యం ధరలు చెబుతున్నారు.

"ఎనభై ఆరు శాతం. ఎక్కడా కారలేదు. ఉపసంఘం ఏకగ్రీవంగా ఆమోదిస్తున్నది" అన్నారు పురుషోత్తమరావుగారు. ముగ్గురూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

కారు దిగి చూస్తే భ్రమరాంబ షెడ్డు చివర గోనెసంచుల బేలు కట్ట మీద కూచుని ఉంది. పక్కన కింద గొంతుక్కూచుని మా అటెండరు ఏసుపాదం. ఇద్దరి మధ్యా సంచుల మీద వాడి జేబు రేడియో, అరచేతిలో పట్టేంతది. ఏసుపాదం తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"ఆయ్, ఇదెంత అన్యాయవండి. ఇంత పాట కడుపులో ఎట్టుకుని అమ్మగారు ఇన్నాళ్ళూ ఊరుకున్నారండి" అన్నాడు నన్ను చూసి.

భ్రమరాంబ లేచి నించుంది. మొహం అంతా తడిగా, కాంతిగా ఉంది. అలాంటి మొహం నేను పెళ్ళిలో చూశాను, మళ్ళీ చూడలేదు.

"విన్నారా?" అంది.

"విన్నాను భ్రమరా. అద్భుతం. ఎనభై ఆరు శాతం" అన్నాను.

"ఏ పాటండీ?"

నేను చేతిలో ఫారం చూశాను. పద్దెనిమిది కాలమ్‌లలో పాట పేరుకి కాలమ్ లేదు. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, "పదండి, ఎండెక్కుతోంది" అంది.

అనుమతి పత్రం పదకొండు రోజుల తర్వాత వచ్చింది. స్పీకర్లు కార్లోనే ఉన్నాయి. రోడ్డు మీద వెళ్తుంటే పక్క బండివాళ్ళు తిరిగి చూస్తారు. భ్రమరాంబ ఎక్కుతుంది, దిగుతుంది, రేడియో పెట్టమనదు. ఒకరోజు సిగ్గు విడిచి, "ఆ పాట ఒకసారి పాడవూ?" అని అడిగాను. కోపంగా ఏమీ లేదు ఆవిడకి. "పాడేశాను కదండీ" అంది, ఉల్లిపాయ తరుగుతూ. వంటింట్లో వేరే పాటలు పాడుతోంది. అది మాత్రం పాడదు. మళ్ళీ వేస్తారా అని రేడియో వాళ్ళకి ఫోన్ చేశాను. చెప్పలేమన్నారు.

అందుకని మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డులోకి వెళ్ళి ఏసుపాదం పక్కన బేలు మీద కూచుంటున్నాను. మొదటిరోజు వాడు భయపడ్డాడు. "నాకు పాటలు రావండి, మాది బొంగురు గొంతండి" అన్నాడు. పర్లేదన్నాను. అటూ ఇటూ చూసి, కళ్ళు మూసుకుని, "ఏటి మలుపు కాడ నా మాటాగిపోయింది" అని అన్నాడు. పాడాడనే అనాలి. "ఇక్కడ అమ్మగారు గొంతు ఇలాగ కిందకి దింపుతారండి. అది నాకు రాదండి" అన్నాడు.

"దింపి ఏమంటుంది?" అన్నాను.

వాడికి ఒక రోజుకి ఒక లైనే గుర్తొస్తుంది. అనుమానం వస్తే సాయంత్రం నేను ఇల్లు చేరకముందే మా ఇంటికెళ్ళి అడిగి వస్తాడు. వాడు అడిగితే ఆవిడ పాడి చెబుతుందట. మర్నాడు నాకు చెబుతాడు. నేను కళ్ళు మూసుకుని వింటాను, ఒక్క అక్షరం పోనివ్వను.

ఏసుపాదం ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. పాట ఇంకా సగం ఉంది.